ప్రాచీన రజత నాణకములు: తరనిర్ణయము, మూల్యనిర్ణయము

పాత యిండ్ల గోడలు పడఁగొట్టునపుడును, పొలము దున్నునపుడును, పెద్దలు దాఁచిన పెట్టెలు విప్పునపుడును వెండి నాణెములు బయల్పడుట మన గ్రామములలో నరుదు గాదు. అందుఁ బెక్కులు తిన్నగాఁ గంసాలి మూసకుఁ బోవును. కొన్ని మాత్రము పాఠశాలా పండితుని కడకు వచ్చును. తెలియని లిపిని జదువఁగలవాఁ డూర నెవఁడైన నున్నచో నాతఁడే యని గ్రామస్థుల నమ్మకము. ఆ పండితుఁ డొక్క నిమేషము చూచి "వెండియే, తులము తూఁగును" అని పంపివేసెనా, నాణెముతోఁ గూడ నది చెప్పవలసిన చరిత్రయు మూసలోఁ గరఁగిపోవును. కావున నీ పరీక్ష వర్తకులకు మాత్రమే కావలసిన విద్య గాదు. తాళపత్రమును బరిష్కరించుట కెంత జాగరూకత వలయునో, నాణెమును జూచుటకును నంత జాగరూకత వలయును.

ఈ విద్య మనకుఁ గ్రొత్తదియుఁ గాదు. రూప్యశబ్దమును బాణిని "ఆహతము", అనఁగా ముద్ర కొట్టఁబడినది, అను నర్థమున సాధించెను. నేఁటి రూపాయి యా శబ్దమునుండి వచ్చినదే. కౌటిల్యుని యర్థశాస్త్రమున నాణెములను జేయించు లక్షణాధ్యక్షుఁడును, వానిని బరీక్షించు రూపదర్శకుఁడును వేర్వేఱు ఉద్యోగులు. వెండి పణమున నాలవపాలు రాగి యుండవలె నని యందే విధి గలదు. మంచి నాణెమును గూటమనియు, గూటమును మంచిదనియుఁ జెప్పు నాణకపరీక్షకునకు యాజ్ఞవల్క్యస్మృతి యుత్తమసాహసదండము విధించినది. రెండు తప్పులకును దండన యొక్కటియే యగుట గమనింపఁదగినది. మంచిదానిని ద్రోసివేయుట చెడ్డదానిని గ్రహించుటకంటెఁ దక్కువ దోషము గాదని స్మృతికర్త యభిప్రాయము.

పరీక్షకుఁ డడుగవలసిన ప్రశ్నలు మూఁడు. నాణెము నిజమైనదా? ఎట్టి స్థితిలో నున్నది? దాని విలువ యేమి? ఈ క్రమము తప్పరాదు. కూటనాణెమునకుఁ దరము చూచుట వ్యర్థము. తరము తెలియక విలువ చెప్పుట సాహసము.

1. సత్యాసత్యపరీక్ష

మొదటి సాక్షి త్రాసు. 1835లో నీస్టిండియా కంపెనీవారు దేశమంతట నొకే రూపాయిని నెలకొల్పిరి. దాని తూనిక 180 గ్రెయినులు, అనఁగా 11.66 గ్రాములు. అందుఁ బండ్రెండింటఁ బదునొకండు పాళ్లు, అనఁగా 165 గ్రెయినులు, శుద్ధమైన వెండి. తిరుగుటచేఁ గొంత తఱుగు గలుగును గాని, అరగని రూపాయి తూనికలోఁ దక్కువయైనచో సందేహింపవలెను.

తూనిక సరిపోయినంతనే నాణెము నిజమైనదని చెప్పరాదు. నాణెమును సన్నని దారమునఁ గట్టి, నీటిలో మునుఁగునట్లు వ్రేలాడఁదీసి మరలఁ దూఁచవలెను. కంపెనీ రూపాయి నీటిలో 1.13 గ్రాముల తూనిక గోల్పోవును. గాలిలోని తూనికను నీటఁ గోల్పోయిన తూనికచే భాగింపఁగా వచ్చు లబ్ధము ఇంచుమించు 10.3. జర్మను వెండితోఁ జేసిన కూటరూపాయి సరిగాఁ దూఁగినను, నీటిలో 1.3 గ్రాములకుఁ బైగాఁ గోల్పోవును. గీటురాయిపై నొఱయుటవలె నీ పరీక్ష నాణెమునకు గాయము చేయదు. అరిగిన నాణెమునందును నీ లబ్ధము మాఱదు.

పిదపఁ గన్నులకుఁ బని. ముద్ర కొట్టిన నాణెమున నక్షరముల యంచులు వాఁడిగా నుండును. పోఁతపోసిన దానియందు నవి మొద్దువాఱి యుండును. భూతద్దములోఁ జిన్ని చిన్ని గుంటలును, అంచున రెండచ్చు లతికిన గీఁతయుఁ గనఁబడును. అరుదైన సంవత్సరముల నాణెములలో మోసగాండ్రు చివరి యంకెను దిద్దుట గలదు కావున దానిని వేఱుగాఁ బరీక్షింపవలెను.

2. తరనిర్ణయము

ఆంగ్లవర్తకులు నాణెముల స్థితిని జెప్పుటకుఁ గొన్ని మెట్లు వాడుక చేసిరి. అమెరికాలో షెల్డను 1949లోఁ బెద్ద రాగి సెంట్ల కొఱకు 1 మొదలు 70 వఱకు నంకెల క్రమమును బ్రకటింపఁగా, తరువాత నది యన్ని నాణెములకును బ్రాఁకినది. మన వ్యవహారమునకు నాఱు తరములు చాలును.

నూతనము: చేతులు మాఱనిది, అచ్చునుండి వెడలిన మెఱుఁగు చెడనిది. ఉత్తమోత్తమము: మిక్కిలి యెత్తైన చోట్ల మాత్రమే యొరపిడి జాడ గలది. ఉత్తమము: ఆ చోట్లు చదునైనను దక్కిన రేఖ లన్నియు స్పష్టముగా నున్నది. మధ్యమము: సూక్ష్మరేఖలు సగము పోయినను అక్షరము లన్నియుఁ జక్కఁగా నున్నది. అధమము: ఆకారపు గీఁతయు, కష్టముతోఁ జదువఁదగు నక్షరములును మిగిలినది. జీర్ణము: ఏ జాతి నాణెమో పోల్చుటకు మాత్ర మక్కఱకు వచ్చునది.

ఎత్తైన భాగములే మొదట నరుగును గావున దృష్టి యచ్చటనే నిలుపవలెను. విక్టోరియా రూపాయిలోఁ జెవిమీఁది కురులు, చెక్కిలి, రవికెమీఁది యల్లికపని చూడవలెను. అయిదవ జార్జి రూపాయిలోఁ గిరీటపు పట్టెడ, చెవి, అంగీమీఁది హారము చూడవలెను. అచ్చు సరిగాఁ బడమిచేతఁ గలిగిన యస్పష్టతను అరుగుదల యని భ్రమింపరాదు. అచ్చుదోషమైనచో నా చోట లోహపు మెఱుఁగు నిలిచియుండును. అరుగుదలయైనచో నది మసకవాఱి చదునై యుండును.

కొక్కెము టంకము పెట్టి పేరులో గ్రుచ్చినవియు, బెజ్జము వేసినవియు, షరాబులు పరీక్షార్థము గాటు పెట్టినవియు మనకుఁ దఱచుగా లభించును. వీనికి దరము వేఱుగాఁ జెప్పి దోషమును వేఱుగా వ్రాయవలెను. "ఉత్తమము, కొక్కెము తీసిన గుఱుతు గలదు" అన్నచో వినువానికి సంశయ ముండదు.

3. దోషమే గుణమైన చోట్లు

యంత్రముతో ముద్రించిన రూపాయికిఁ జెప్పిన సూత్రములను బ్రాచీన నాణెములకుఁ దిన్నగా నన్వయించుట ప్రమాదము. ముద్రాంకిత కార్షాపణములు రేకు కత్తిరించి చేసినవి. మూలలు తెగియుండుట, ఆకారము వంకరయగుట వానికి లోపములు గావు. తూనిక సరిచేయుటకుఁ గత్తిరించిన గుఱుతులవి. వాని ప్రమాణము 32 గురివెందగింజలు, ఇంచుమించు 3.4 గ్రాములు. ముందువైపున నైదు ముద్ర లుండును. ఆ యైదింటిలో నెన్ని పోల్చఁదగి యున్నవో యదియే వాని తరము. అమరావతియందు దొరకిన యిట్టి నాణెముల పెద్దరాశిని బరమేశ్వరీలాల్ గుప్త పరిశీలింపఁగా నా గ్రంథము 1963లో వెలువడినది.

ఈ నాణెముల వెనుకవైపునఁ గనఁబడు చిన్న ముద్రలను గాయములని యెంచువారు గలరు. తక్షశిలలో లభించిన రాసులను గోశాంబి యొక్కొక్క నాణెముగాఁ దూఁచి గణితముచేఁ బరిశీలించెను. వెనుక ముద్రలు పెరిగినకొలఁదిఁ దూనిక తగ్గుచున్నదని యాయన చూపెను. అనఁగా ముద్రలును, తఱుగును నాణెము వాడుకలో నున్న కాలమును దెలుపు సాక్షులు. అరుగుదలయే యిచట లేఖనము.

ఇంతకంటెఁ బ్రసిద్ధమైన నిదర్శనము నాసికు ప్రాంతమునఁ జోగల్‌తెంబిలో 1906లో దొరకిన నిధి. అందు నహపానుని వెండి నాణెములు 13 వేలకుఁ బైగా నుండెను. మూఁడింట రెండు వంతులపై గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్రను మరలఁ గొట్టించెను. ముఖము చెడి, లిపి కలఁగిన యా నాణెములను అందము చూచి తరము వేయువాఁ డడుగున నుంచును. కాని శాతవాహనుఁడు క్షహరాతుని గెలిచి యాతని ధనమును దన ముద్రతోఁ జెలామణి చేసె నని చెప్పుట కంతకంటె బలవత్తరమైన సాక్ష్యము లేదు. ఆ "చెడు" లేకున్నచో నా నాణెమునకుఁ జెప్పఁదగిన మాటయే తక్కువ.

వాసిష్ఠీపుత్ర పుళుమావి, యజ్ఞశ్రీ శాతకర్ణి మొదలగువారి వెండి నాణెములపై నొకవైపున రాజముఖమును, ప్రాకృతలేఖయు నుండును. రెండవవైపున బ్రాహ్మీలిపిలో నొక ద్రావిడభాషాలేఖ యుండును. అది తమిళమని కొందఱును, తెలుఁగునకు దగ్గఱిదని కొందఱును వాదించిరి. నాణెము చిన్నది, రమారమి 2 గ్రాములు. లేఖ యంచున నుండుటచే సగము రేకు వెలుపలికిఁ బోవును. రాజముఖ మెంత చక్కఁగా నున్నను లేఖ లేని నాణెము, ముఖ మరిగి లేఖ నిలిచిన నాణెమునకు సరిరాదు. మన భాషాచరిత్రపు చర్చ యొకటి యా యంచుననే యున్నది.

4. నాణెముమీఁది సంవత్సరము

అంకె చదివినంతనే కాలము తెలిసె ననుకొనరాదు. చెన్నపట్టణపుఁ గంపెనీ టంకశాలలోఁ బందొమ్మిదవ శతాబ్దిలో యంత్రమున ముద్రించిన యార్కాటు రూపాయిలపై హిజరీ 1172 అనియే, అనఁగా క్రీ.శ. 1758-59 అనియే, యున్నది. రెండవ ఆలంగీరు 1759లోఁ జనిపోయినను నాతని పేరు నాణెముపై 1835 వఱకు నిలిచెను. అంచుల నునుపును, యంత్రపు టచ్చు తీరును జూచి దీనిఁ బోల్చవలెను. విక్టోరియా రూపాయిలోను నిట్లే: 1862 అను నంకె గలవి యటుపిమ్మటఁ బెక్కేండ్లు ముద్రింపఁబడినవి. బొంబాయివానిలోఁ జిన్న చుక్కలే యసలు సంవత్సరమునకు గుఱుతు.

5. విలువ

విలువ మూఁడు విధములు: లోహమూల్యము, సేకర్తల మూల్యము, చారిత్రకమూల్యము.

లోహమూల్యము గణితము. 1835 నాఁటి ప్రమాణపు రూపాయిలో 10.69 గ్రాముల వెండి గలదు. 1940 నుండి ముద్రించిన రూపాయి తూనికలో మాఱకున్నను వెండి సగమే. 1947 నాఁటి రూపాయి నికెలుది. కావున "పాత రూపాయి" యని యొకే ధర కట్టుట యన్యాయము. హైదరాబాదు హాలీసిక్కా రూపాయి 11.18 గ్రాములు, వేయింట 818 పాళ్లు వెండి, అనఁగా 9.14 గ్రాములు. నిజాము రాష్ట్రమున నేడు హాలీలకు నాఱు కంపెనీ రూపాయ లను మారకము వాడుక యని పెద్దలు చెప్పుదురు. లెక్క చూడుఁడు: ఏడు హాలీలలోని వెండి 64 గ్రాములు, ఆఱు కంపెనీ రూపాయలలోని వెండియు 64 గ్రాములే. ఆ మారకము వెండి తూనికకు సరిపోవుచున్నది.

సేకర్తల మూల్యము అరుదుతనమును, తరమును బట్టి నడచును. ప్రాచీనతను బట్టి గాదు. ముద్రాంకిత కార్షాపణము రెండు వేల యేండ్లకుఁ బైఁబడినదైనను, సామాన్యమైన జాతియైనచో 1939 నాఁటి రూపాయికిఁ దీసిపోవచ్చును. ఆ యేటి రూపాయిలు మిక్కిలి యరుదు. 1911 నాఁటి రూపాయిలో రాజు దుస్తులమీఁది యేనుఁగు పందివలె నున్నదని జనులు ఆక్షేపింపఁగా మఱుసటి యేఁట నచ్చు మార్చిరి. విడుదల గాని వానిని గరఁగించిరి. హాలీసిక్కాలోఁ జార్మినారు ద్వారమున మహబూబలీఖానునకు "మీము"ను, ఉస్మానలీఖానునకు "ఐను"ను గుఱుతులు. ఆ యక్షరపుఁ దీరులోని చిన్న భేదమే ధరలో భేదమగును.

చారిత్రకమూల్యము ధరకు లొంగదు. అది నాణెములో మాత్రమే గాక, దొరకిన చోటను, తోడి నాణెములయందును, అవి యున్న కుండయందును గూడ నుండును. రాశినుండి మంచివానిని నాల్గింటిని ఏఱి తక్కిన వానిని జెదరఁగొట్టిన యెడల నా మూల్యము నశించును.

6. చేయవలసినవి, చేయరానివి

చింతపండుతోను, బూడిదతోను, కుంకుడురసముతోను వెండిని దోముట మన యిండ్ల యలవాటు. నాణెమునకది చావు. నల్లని పొర గంధకసంపర్కముచేఁ గలిగినది. అది లోహమును గాపాడును. దోమినచో నది పోవుటయే గాక సన్నని గీఁతలు పడి తరము రెండు మెట్లు దిగును. భూమిలోనుండి వచ్చిన వానికి మట్టియుఁ, గొమ్మువంటి గట్టి పొరయు నంటియుండును. దానిని గోఁటితో గీఱక, తెలిసినవారి కప్పగింపవలెను.

పండితుఁడు చేయవలసినది స్వల్పము. నాణెము నంచులఁ బట్టుకొనవలెను. తూనిక, వ్యాసము వ్రాసికొనవలెను. రెండు వైపుల ఛాయాచిత్రము తీయవలెను. ఎచ్చట, ఎంత లోఁతున, వేనితోఁ గూడ దొరకెనో యడిగి వ్రాయవలెను. భూమిలో దొరకిన నిధి పదిరూపాయల విలువకు మించినచోఁ గలెక్టరునకుఁ దెలుపవలె నని 1878 నాఁటి నిధిచట్టము చెప్పుచున్నది. నూఱేండ్లు దాఁటిన నాణెములు 1972 నాఁటి చట్టముచేఁ బురావస్తువులు. ఈ మాట గ్రామస్థునకు భయపెట్టునట్లు గాక, ధైర్యము గలుగునట్లు చెప్పవలెను. భయపడినవాఁడు మూసనే యాశ్రయించును. తూనికతోను, స్థలముతోను గూడిన నాలుగు పంక్తుల వ్రాఁత పండితుని చేతఁ దయారైనచో, నాణెము తరువాత నెచ్చటికిఁ బోయినను దాని సాక్ష్యము నిలుచును.