చైన్ సా: ఎంపిక, వాడకం, నిర్వహణలో రైతులు గమనించాల్సినవి

పంటలు ఇంటికి చేరాక వేసవిలో పొలం గట్ల మీద, బీడు భూముల్లో పెరిగిన సర్కారు తుమ్మను తొలగించడం, ఏడాదికి సరిపడా వంటచెరకు కొట్టించుకోవడం మన దగ్గర మామూలే. గొడ్డలి పనికి కూలీలు దొరకడం కష్టమవడంతో చాలా గ్రామాల్లో ఈ పనికి పెట్రోలుతో నడిచే చైన్ సా వాడుతున్నారు. నేను చూసినంతలో ఈ మిషన్లు మెకానిక్ దగ్గరకు చేరడానికి ముఖ్య కారణాలు రెండు. ఒకటి ఆయిల్ కలపని పెట్రోలు, రెండోది మొద్దుబారిన చైన్. మొద్దు చైన్ మిషన్‌నే కాదు, మనిషినీ ప్రమాదంలో పడేస్తుంది.

ఏది కొనాలి?

దుకాణంలో ముందుగా 58 సీసీ ఇంజిన్, 22 అంగుళాల బార్ ఉన్నది చూపిస్తారు. సర్కారు తుమ్మ, సుబాబుల్, సరుగుడు, ఇంటి అవసరానికి కట్టెలు కోయడానికి 16 లేదా 18 అంగుళాల బార్, 45 సీసీ దరిదాపుల్లో ఇంజిన్ చాలు. బార్ పొడవు పెరిగితే బరువు పెరుగుతుంది, చేతులు త్వరగా అలసిపోతాయి. పాత మామిడి, చింత మొద్దులు కోయాల్సి వస్తే ఆ ఒక్కరోజుకు పెద్ద మిషన్ అద్దెకు తెచ్చుకోవడం మేలు. అసలు ఏడాదికి నాలుగైదు రోజుల పనే ఉంటే సొంతంగా కొనకండి. నలుగురు కలిసి కొంటే మాత్రం నడిపే బాధ్యత, సానబట్టే బాధ్యత ఒకరికే అప్పగించాలి.

కొనే ముందు చైన్ బ్రేకు పనిచేస్తోందో లేదో నడిపించి చూడాలి. ముందున్న గార్డును బార్ వైపు నెట్టగానే చైన్ ఆగిపోవాలి. విడిభాగాలు మీ దగ్గరి పట్టణంలో దొరుకుతాయో లేదో అడగండి. చైన్ పిచ్, గేజ్, లింకుల సంఖ్య సాధారణంగా బార్ మీదే ముద్రించి ఉంటాయి. ఫోనులో ఫొటో తీసి పెట్టుకుంటే కొత్త చైన్ కొనేటప్పుడు పొరపాటు జరగదు.

రెండు ఆయిళ్లు, రెండు పనులు

ఇది టూ స్ట్రోక్ ఇంజిన్. పెట్రోలులో కలిసిన 2టీ ఆయిలే దానికి లోపల జిడ్డు. మాన్యువల్‌లో 50:1 అని ఉంటే లీటరు పెట్రోలుకు 20 మి.లీ., 25:1 అని ఉంటే 40 మి.లీ. కలపాలి. ట్యాంకులో కాకుండా విడిగా డబ్బాలో కలిపి, బాగా కుదిపి పోయాలి. ఆ డబ్బాకు గుర్తు పెట్టండి. బైకు కోసం తెచ్చిన ఉత్త పెట్రోలు పోస్తే కాసేపటికే పిస్టన్ పట్టేస్తుంది, ఆ ఖర్చు చిన్నది కాదు.

చైన్‌కు వేరే ఆయిల్ ట్యాంకు ఉంటుంది. పెట్రోలు పోసిన ప్రతిసారీ దాన్ని కూడా నింపాలి. బార్ కొనను లేత రంగు మొద్దుకు కాస్త దూరంగా ఉంచి రేస్ ఇస్తే మొద్దు మీద సన్నని ఆయిల్ చార కనిపించాలి. కనిపించకపోతే ఆయిల్ వచ్చే రంధ్రం, బార్ గాడి పొట్టుతో పూడిపోయాయని అర్థం. ట్రాక్టరు నుంచి తీసిన పాత ఇంజిన్ ఆయిల్ పోయకండి. అందులోని లోహపు రజను బార్‌ను, పంపును అరగదీస్తుంది.

పొట్టు చూసి పదును చెప్పవచ్చు

కోసేటప్పుడు పొట్టు పెళుసులు పెళుసులుగా రాలితే చైన్ పదునుగా ఉన్నట్టు. పిండిలా రాలుతుంటే వెంటనే ఆపేయాలి. చాలామంది ఇక్కడే మిషన్‌ను బలంగా నొక్కుతారు. అలా నొక్కుతున్నప్పుడు బార్ ఒక్కసారిగా జారితే మనిషి దాని మీదకు తూలుతాడు. పదునైన చైన్ దాని బరువుతోనే దిగుతుంది.

సానకు గుండ్రని ఆకురాయి వాడాలి. సైజు చైన్ ప్యాకెట్ మీద ఉంటుంది. 0.325 అంగుళాల పిచ్ చైన్‌కు 4.8 మి.మీ. సరిపోతుంది. ఇంజిన్ ఆపి, చేతికి గ్లౌజులు వేసుకుని, పన్ను మీద ఉన్న గీత వాలులోనే లోపలి నుంచి బయటకు తోయాలి, వెనక్కి రుద్దకూడదు. ఒక పన్నుకు మూడుసార్లు తోస్తే అన్నిటికీ మూడుసార్లే. ఒకవైపు పళ్లు పొట్టివైతే కోత పక్కకు పోతుంది. పెట్రోలు పోసిన ప్రతిసారీ రెండు నిమిషాలు సానబడితే సాయంత్రం గంటసేపు కూర్చోనక్కర్లేదు.

చైన్ బిగువు కూడా అప్పుడే చూసుకోవాలి. బార్ కింద వేలాడకూడదు, చేత్తో లాగితే సులువుగా తిరగాలి. కొత్త చైన్ మొదటి అరగంటలోనే సాగుతుంది. పని అయ్యాక కాస్త వదులు చేయండి, చల్లారితే బిగుసుకుంటుంది.

సర్కారు తుమ్మ దగ్గర జాగ్రత్త

ఈ పొదల్లో నేరుగా మిషన్ పెట్టకూడదు. బార్ కొన పైభాగం కనిపించని కొమ్మకు తగిలితే మిషన్ ముఖం మీదకు ఎగురుతుంది. ముందు కత్తితో ముళ్ల కొమ్మలు తీసి, మొదలు కనిపించాకే కోయాలి. నేలకు జానెడు ఎత్తులో కోయండి. మట్టి తగిలితే క్షణాల్లో పదును పోతుంది. మిగిలిన మొదలును వేరు పైభాగంతో సహా గడ్డపారతోనో జేసీబీతోనో పెకలించకపోతే వానలకు మళ్లీ గుబురుగా చిగురిస్తుంది.

భుజం కంటే ఎత్తులో, నిచ్చెన మీద నిలబడి కోయవద్దు. లుంగీ, మెడలో తువ్వాలు వద్దు. బూట్లు, కళ్లద్దాలు తప్పనిసరి. కొమ్మలు ఏరేవారు చెట్టు ఎత్తుకు రెండింతల దూరంలో ఉండాలి. ఇతర చెట్లు కొట్టే ముందు వాల్టా చట్టం (2002) కింద అనుమతి కావాలో, ఏ జాతులకు మినహాయింపు ఉందో అటవీ శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోండి.

నెలకు మించి వాడకపోతే ట్యాంకు ఖాళీ చేసి, ఇంజిన్ దానంతట అదే ఆగేవరకు నడపాలి. ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమ పీల్చి కార్బురేటర్‌ను పాడుచేస్తుంది. ఎయిర్ ఫిల్టర్ దులిపి, బార్‌కు కవరు తొడిగి, తేమ తగలని చోట పిల్లలకు అందకుండా ఉంచాలి.