రైల్వే గేటు సాఫ్ట్‌వేర్‌: బొమ్మ దశలోనే తప్పు పట్టేదెలా?

రైల్వే గేటు పూర్తిగా మూసుకుని, లాక్‌ అయ్యాకే రైలుకు గ్రీన్‌ సిగ్నల్‌ రావాలి. దీన్నే ఇంటర్‌లాకింగ్‌ అంటారు. ఒకప్పుడు ఈ పని లీవర్లు, రిలేలు చేసేవి. ఇప్పుడు చాలాచోట్ల సాఫ్ట్‌వేర్‌ చేస్తోంది. మరి అది పొరబడదని నమ్మేదెలా?

ముందు గీసే బొమ్మ ఏమిటి?

కోడ్‌ రాయడానికి ముందు ఇంజినీర్లు డయాగ్రమ్‌ గీస్తారు. ‘గేటు తెరిచి ఉంది’, ‘మూసుకుంటోంది’, ‘మూసుకుంది’... ఇలా ఒక్కో స్థితికి ఒక్కో గడి. గడుల మధ్య బాణాలు. ఏం జరిగితే స్థితి మారాలో బాణం మీద రాస్తారు. ఇలాంటి బొమ్మలకు ‘స్టేట్‌చార్ట్స్‌’ అనే పద్ధతిని ఇజ్రాయెల్‌ శాస్త్రవేత్త డేవిడ్‌ హారెల్‌ 1987లో ప్రచురించారు.

మనుషులు చూసి చెప్పలేరా?

బొమ్మ చిన్నగానే ఉంటుంది. చిక్కంతా కలయికలతోనే. ఆన్‌, ఆఫ్‌ అనే రెండే స్థితులున్న పరికరాలు 10 ఉంటే 1,024 కలయికలు. అవే 20 అయితే 10 లక్షలు దాటుతాయి. మామూలు టెస్టింగ్‌లో వీటిలో కొన్నింటినే చూడగలం.

కంప్యూటర్‌ ఎలా పడుతుంది?

ఇక్కడే ‘ఫార్మల్‌ మెథడ్స్‌’ పనికొస్తాయి. మొదట బొమ్మను ఒకే అర్థం వచ్చేలా గణిత రూపంలోకి మారుస్తారు. తర్వాత ‘గేటు తెరిచి ఉండగా గ్రీన్‌ సిగ్నల్‌ ఉండకూడదు’ వంటి షరతు పెడతారు. మోడల్‌ చెకర్‌ అనే ప్రోగ్రామ్‌ ఆ బొమ్మలో చేరుకోగల స్థితులన్నింటినీ వెతుకుతుంది.

ఉదాహరణకు, సిగ్నల్‌ ఇచ్చాక గేట్‌మ్యాన్‌ పొరపాటున గేటు తెరిచే బటన్‌ నొక్కాడనుకుందాం. దాన్ని అడ్డుకునే నిబంధన బాణం మీద రాయకపోతే, ప్రమాదం దాకా ఏ వరుసలో వెళ్తామో చెకర్‌ అంచెలంచెలుగా చూపిస్తుంది. ఈ పద్ధతిని అభివృద్ధి చేసిన క్లార్క్‌, ఎమర్సన్‌, సిఫాకిస్‌లకు 2007 ట్యూరింగ్‌ అవార్డు దక్కింది.

నిజంగా వాడుతున్నారా?

1998లో మొదలైన పారిస్‌ మెట్రో 14వ లైనులో రైళ్లకు డ్రైవర్లు ఉండరు. దాని భద్రతా సాఫ్ట్‌వేర్‌ను ‘బి-మెథడ్‌’ అనే గణిత పద్ధతిలో నిరూపించారు. మన ‘కవచ్‌’కు ఉన్న ఎస్‌ఐఎల్‌-4 అత్యున్నత భద్రతా స్థాయి. ఆ స్థాయి రైల్వే సాఫ్ట్‌వేర్‌కు ఫార్మల్‌ మెథడ్స్‌ వాడాలని యూరప్‌ ప్రమాణం ఈఎన్‌ 50128 గట్టిగా సిఫార్సు చేసింది.

ఇక ప్రమాదమే ఉండదా?

అలా చెప్పలేం. తనిఖీ జరిగేది బొమ్మకే. సెన్సర్‌ పాడైనా, వైరు తప్పుగా కలిపినా ఏమవుతుందో బొమ్మలో లేకపోతే చెకర్‌కు తెలియదు. పైగా అడిగిన షరతుకే జవాబు వస్తుంది. అసలెప్పుడూ తెరుచుకోని గేటు కూడా పై షరతులో పాసైపోతుంది! అందుకే ‘రైలు వెళ్లాక గేటు తెరుచుకోవాలి’ అని కూడా అడగాలి. ‘మా సిస్టమ్‌ను గణితపరంగా తనిఖీ చేశాం’ అని ఎవరైనా చెబితే, మనం వేయాల్సిన ప్రశ్న ఒకటే: ఏయే షరతులకు?