చేతి గడియారం: వెల – విలువ

కాలాన్ని కొలవడం మానవుడు నేర్చిన తొలి విద్యలలో ఒకటి. మన పూర్వులు ఒక పగలు, ఒక రాత్రి కలిసిన దినాన్ని 60 గడియలుగా విభజించారు. గడియ అంటే నేటి లెక్కలో 24 నిమిషాలు. అందులో అరవయ్యవ వంతు విగడియ, అంటే 24 సెకన్లు. అడుగున సన్నని రంధ్రం గల గిన్నెను నీటిపై ఉంచి, అది నిండి మునిగే సమయాన్ని బట్టి గడియను లెక్కించేవారు. ఆ గడియ నుంచే గడియారం అనే మాట ఏర్పడింది.

ఆనాడు విగడియ ఎటుపోయినా చెల్లేది. నేటి విద్యార్థికి నిమిషం కూడా విలువైనదే. తెలంగాణ ఇంటర్మీడియట్ పరీక్షలలో ఒక్క నిమిషం ఆలస్యమైనా లోపలికి అనుమతించరాదన్న నిబంధన ఏళ్ల తరబడి అమలైంది. 2024లో దానిని అయిదు నిమిషాలకు సడలించారు. ఇబ్రహీంపట్నంలో బస్సెక్కి, సాగర్ రహదారి మీదుగా నగరంలోని కళాశాలకు వెళ్లే విద్యార్థి గడియారం కొనదలిస్తే దేనిని ఎంచుకోవాలి?

మన తాతల తరానికి గడియారమంటే హెచ్.ఎం.టి. ఆ సంస్థ 1961లో జపాను దేశపు సిటిజన్ సంస్థ సహకారంతో బెంగుళూరులో చేతి గడియారాల తయారీ ప్రారంభించింది. 'జనతా' వంటి గడియారాలకు ప్రతిరోజూ కీ ఇవ్వవలసి వచ్చేది. 1980ల చివర హోసూరులో టైటాన్ కర్మాగారం వెలసిన తరువాత క్వార్ట్జ్ గడియారాలు మన దేశంలో విస్తరించాయి. హెచ్.ఎం.టి. గడియారాల సంస్థను మూసివేయాలని కేంద్ర ప్రభుత్వం 2016లో నిర్ణయించింది.

నేడు రెండు వేల రూపాయల లోపు దొరికేవాటిలో రెండు రకాలు ప్రధానమైనవి. ఒకటి టైటాన్ వారి సొనాటా వంటి ముళ్ల గడియారం. రెండవది 1989 నుంచి వస్తున్న క్యాసియో ఎఫ్-91డబ్ల్యూ వంటి అంకెల గడియారం. రూపాలు వేరైనా రెండింటి గుండె ఒక్కటే. బ్యాటరీ శక్తితో లోపలి క్వార్ట్జ్ స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ సంఖ్యను వరుసగా 15 సార్లు సగం చేస్తే ఒకటి మిగులుతుంది. అదే సెకనుకొక స్పందన. దానితో ఒకచోట ముల్లు కదులుతుంది, మరొకచోట అంకె మారుతుంది. కనుక సాధారణంగా నెలకు 15 నుంచి 30 సెకన్లకు మించి తేడా రాదు. ఎక్కువ వెల పెట్టినంత మాత్రాన కాలం మరింత సరిగా తెలుస్తుందనుకోవడం పొరపాటు.

భేదమంతా ఉపయోగంలో ఉంది. ముళ్ల గడియారంలో గడిచిన సమయం, మిగిలిన సమయం ఒక్క చూపులో బోధపడతాయి. అంకెల గడియారంలో అలారం, తేదీ, చీకటిలో చూడడానికి చిన్న దీపం ఉంటాయి. తెల్లవారుజామున లేచి చదువుకొనేవారికి అవి అక్కరకు వస్తాయి.

వెలను కూడా ఒక్కరోజు లెక్కతో చూడరాదు. ఉదాహరణకు, ముళ్ల గడియారం 900 రూపాయలు, అంకెల గడియారం 1,200 రూపాయలు అనుకుందాం. మొదటిదానికి రెండేళ్లకొకసారి 100 రూపాయలతో బ్యాటరీ మార్చాలి. రెండవదాని బ్యాటరీ సుమారు ఏడేళ్లు వస్తుంది. ఏడేళ్లలో మొదటిదానికి మూడు బ్యాటరీలు పడతాయి. అంటే రెండింటి ఖర్చూ సమానమే. చవక అనుకున్నది చవక కాలేదు, ప్రియమనుకున్నది ప్రియం కాలేదు.

కొనేటప్పుడు అక్షరాలను కూడా శ్రద్ధగా చదవాలి. '30 మీటర్లు' అని ఉన్నంత మాత్రాన దానితో చెరువులో ఈదవచ్చని అర్థం కాదు. చేతులు కడిగేటప్పుడు, చినుకులు పడినప్పుడు తట్టుకుంటుందనే అర్థం. రసీదు, దుకాణం ముద్ర వేసిన గ్యారంటీ పత్రం తప్పక తీసుకోవాలి. అవి లేకపోతే రేపు మరమ్మతు కోసం అడిగే ఆధారం ఉండదు.

నీట్ వంటి పరీక్షలలో గడియారాన్ని లోపలికి అనుమతించరు. అక్కడ దాని పని ద్వారం వరకే. మనల్ని వేళకు ఆ ద్వారం చేర్చితే దాని వెల మనకు దక్కినట్లే. అయితే గడియారం సమయాన్ని చూపగలదు గాని మనల్ని నిద్ర లేపి నడిపించలేదు. కాబట్టి దుకాణానికి వెళ్లే ముందే మన అవసరమేమిటో నిర్ణయించుకోవాలి. వెలను దుకాణదారు చెబుతాడు. విలువను మాత్రం కొనేవాడే తెలుసుకోవాలి.