ముక్క పరీక్ష

పెద్దపల్లి జిల్లాలోని రామగిరి ఖిల్లాకు రెండు సంపదలు కలవు. కొండమీద ఓషధులు, కొండ చుట్టునున్న నేల క్రింద బొగ్గు. ఓషధులను వెదకవచ్చువారు ఆకు చూచి, వేరు వాసన చూచి మొక్కను గుర్తింతురు. బొగ్గును వెదకువారికి ఆ సౌకర్యము లేదు. పొర ఎంత లోతున ఉన్నదో, దాని మందమెంతో, అది మేలురకమో కాదో పైనున్న మట్టి చెప్పజాలదు. అందుచేత బోరు దింపి, లోపలి రాతిని గుండ్రని కడ్డీవలె వెలికితీసి, ప్రయోగశాలకు పంపుదురు. గని ఎక్కడ త్రవ్వవలెనో ఆ కడ్డీని పరీక్షించిన పిమ్మటనే నిర్ణయింతురు.

బొగ్గు బాయిని నమ్ముకొని బ్రదుకు ఇండ్లలో ఈ సంగతి తెలియనివారు అరుదు. కాని అదే ఇంటి మనిషితో వైద్యుడు “ముక్క తీసి పరీక్షకు పంపవలెను” అన్నంతనే అందరి మొగములు వాడిపోవును. “ముక్క తీయవలెనన్నారంటే అది ఆ జబ్బే కాబోలు. కత్తి తగిలితే గడ్డ పాకునట గదా!” అని ఒకరు, “కొన్నాళ్లు ఆకుపసరు వేసి చూతము” అని మరియొకరు. ఇట్లు నెలలు గడచును. ఆ జాప్యమే పలుమారు ప్రాణముల మీదికి తెచ్చును. వైద్యులు బయాప్సీ అనియు, మనము ముక్క పరీక్ష అనియు చెప్పుకొను ఈ పనిని గూర్చి నాలుగు సంగతులు తెలిసికొనుట అందుచేతనే అవసరము.

భూగర్భ గనిలోనికి బీడీ, అగ్గిపెట్టె కొనిపోరాదు. మండు వాయువులుండు చోట ఒక్క నిప్పురవ్వ చాలును. ప్రాణరక్షణకు పుట్టిన నిషేధమది. కాని పొగ త్రాగుటకు వీలులేక, పొగాకును బుగ్గన పెట్టుకొనుటకు అలవాటుపడినవారు కార్మికులలో ఉన్నారు. ఏండ్ల తరబడి పొగాకు ఒరసిన చోట తెల్లని మచ్చ ఏర్పడవచ్చును, పుండు పడవచ్చును. నొప్పి లేనందున మనిషి ఉపేక్షించును. మూడు వారములు దాటినను మానని పుండును వైద్యునకు చూపి తీరవలెను. అది పంటి ఒరపిడి వలన కలిగినదా, క్షయ వలన కలిగినదా, కాన్సరా అని కంటిచూపుతో మాత్రమే నిశ్చయించుట ఎంతటి అనుభవజ్ఞునకైనను కష్టము. పుండు అంచున కొన్ని మిల్లీమీటర్ల కండ తీసి సూక్ష్మదర్శిని క్రింద పెట్టినచో ఆ చిక్కు చాలవరకు విడిపోవును.

వ్యాధి పుట్టుక శరీరకణములలోనే కలదని జర్మను వైద్యుడు రుడాల్ఫ్ విర్కో 1858లో గ్రంథరూపమున ప్రతిపాదించెను. ఫ్రెంచి చర్మవైద్యుడు ఎర్నెస్ట్ బెస్నియే 1879లో ఈ పరీక్షకు బయాప్సీ అని పేరు పెట్టెను. జీవము, చూపు అను అర్థములుగల రెండు గ్రీకు పదముల కలయిక అది. బ్రదికియున్న మనిషి నుండి తీసిన కండను చూచుట అని భావము. మరణానంతరము శరీరమును కోసి కారణము వెదకుటకును, ప్రాణముండగనే వ్యాధిని గుర్తించి మాన్పజూచుటకును గల భేదమంతయు ఆ పేరులోనే ఉన్నది.

ముక్క తీయు విధములు పెక్కు. సన్నని సూదితో కొన్ని కణములను మాత్రమే పీల్చుట ఒకటి. మెడలోని బిళ్లలకు, గొంతుగడ్డలకు దీనిని తరచుగా వాడుదురు. కొంచెము లావుసూదితో దారపు తునుకవంటి కండను తీయుట రెండవది; బోరు కడ్డీకి సరియైన పోలిక ఇదియే. పుండు అంచును గాని, గడ్డలో కొంత భాగమును గాని కోసి తీయుట మూడవది. చిన్న గడ్డనైనచో మొత్తముగా తీసివేసి పంపుటయు కలదు. కడుపులోనికి, ఊపిరితిత్తులలోనికి గొట్టము పంపి, దాని కొననున్న చిన్న పట్టుకారుతో చిటికెడు కండను తెత్తురు. రక్తవ్యాధులలో తుంటియెముక నుండి మూలుగ తీయుదురు.

పరీక్షకు ముందు రోగి చెప్పవలసిన సంగతులు కొన్ని కలవు. రక్తమును పలుచబరచు మందులు వాడుచున్నచో తప్పక చెప్పవలెను. వాటిని తనంతట తాను మానరాదు. ఏ మందైనను పడకపోవుట, గర్భము, మధుమేహము మున్నగునవి దాచరాదు. అంగీకార పత్రముపై వ్రాలు చేయుటకు ముందు దానిని చదివించుకొని అర్థము చేసికొనుట రోగి హక్కు. పైపైన చేయు వాటిలో పెక్కింటికి ఆ చోటు మాత్రమే మొద్దుబారునట్లు సూదిమందు ఇత్తురు. ఆ సూది చురుక్కుమనును. పిమ్మట ఒత్తిడి తెలియునే గాని తీవ్రమైన నొప్పి సాధారణముగా ఉండదు. కొన్నాళ్లు కమిలినట్లుండుట సహజము. రక్తము ఆగకున్నను, జ్వరము వచ్చినను, చీము పట్టినను వెంటనే ఆసుపత్రికి పోవలెను. ఊపిరితిత్తిలోనికి సూది పంపినపుడు దాని చుట్టు గాలి చేరు ప్రమాదము కొంత కలదు. అందుచే కొన్ని గంటలు కనిపెట్టి ఉంచెదరు. ఆయాసము కలిగినచో తడయక చెప్పవలెను.

“చిన్న ముక్కకు ఇన్ని దినములేల?” అని పలువురు విసుగుకొందురు. తీసిన కండను సాధారణముగా ఫార్మలిన్ ద్రవములో వేయుదురు. కండ చెడకుండునట్లు నిలుపు ఆ గుణమును 1893లో ఫెర్డినాండ్ బ్లూమ్ గుర్తించెను. తరువాత నీరు తొలగించి, కండను మైనములో పొదిగి, మిల్లీమీటరులో కొన్ని వేయవ వంతుల మందముగల పొరలుగా కోయుదురు. ఆ పొరలకు రంగులద్దుదురు. అందొకటి మధ్య అమెరికాలోని ఒక చెట్టు చేవ నుండి వచ్చినది. అటుపిమ్మట పాథాలజిస్టు కణముల ఆకారమును, అమరికను పరిశీలించును. సందేహమున్నచో ప్రత్యేక పరీక్షలు జోడించును; అప్పుడు మరికొన్ని దినములు పట్టును. ఆలస్యము చెడుకు గుర్తు కాదు.

ఇక కత్తి భయము. సూది పోయిన దారి వెంట కాన్సరు కణములు నాటుకొనుట అసలే లేదనుట సత్యము కాదు. కాని అది మిక్కిలి అరుదు. వృషణములోని గడ్డవంటి కొన్నింటికి సూది వేయరాదని వైద్యులకు ముందే తెలియును. పరీక్ష వలని అపాయము స్వల్పము. పేరు తెలియని గడ్డను పెంచుకొనుట వలని అపాయము అధికము. ప్రతి వ్యాధికిని ముక్క తీయరనియు గ్రహింపవలెను. బొగ్గుధూళి వలన కలుగు ఊపిరితిత్తుల వ్యాధిని ఎక్కువగా ఎక్సురే చూచి, ఎన్నేండ్లు ఏ పని చేసినాడో విచారించియే నిర్ణయింతురు. ముక్క తీయుమన్నంత మాత్రమున కాన్సరే అనుకొనుటయు పొరపాటు. మెడబిళ్ల నుండి తీసిన కణములలో క్షయ బయటపడుట మన దేశమున తరచు జరుగునదే. క్షయకు మందు కలదు.

“పేరు తెలిసినంత మాత్రమున ఒరగునదేమి?” అను నిరాశకు తెలుగువారికి తగిన సమాధానమొకటి కలదు. బోస్టన్ బాలల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ పాథాలజిస్టు. కండముక్కలను, మూలుగను పరీక్షించుటయే ఆయన వృత్తి. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారి నేతృత్వమున తయారైన అమినోప్టెరిన్ మందును ఫార్బర్ రక్తకాన్సరు సోకిన పిల్లలకు ఇచ్చి, వారిలో కొందరికి తాత్కాలికముగా ఉపశమనము కలిగినదని 1948లో ప్రకటించెను. ఆ యేడే సుబ్బారావు గారు కన్నుమూసిరి. నేడు ఆ వ్యాధి సోకిన పిల్లలు తగిన చికిత్సతో ఎందరో కోలుకొనుచున్నారు. వ్యాధి ఏదో తేలనిదే ఏ మందు ఇయ్యవలెనో తేలదు.

ఈ సంగతి ఉపాధ్యాయులతో, విద్యార్థులతో చెప్పుటకు కారణము కలదు. కార్మికుని ఇంట నివేదిక వచ్చినపుడు దానిని విప్పి చదువునది పెక్కుచోట్ల బడికి పోవు బిడ్డయే. అందు బినైన్ అని ఉన్నచో అది కాన్సరు గడ్డ కాదని అర్థము. మాలిగ్నెంట్ అనగా కాన్సరు. ముక్క చాలలేదని ఉన్నచో మరల తీయవలెనని అర్థమే గాని, దాచినారని కాదు. ఆ బిడ్డ మాట అర్థము చెప్పవచ్చును, తీర్పు చెప్పరాదు. ఆ కాగితముతో పెద్దలను వైద్యుని వద్దకు బయలుదేరదీయవలెను. మరియొక వైద్యుని అభిప్రాయము కోరునపుడు గాజుపలకలు, మైనపు దిమ్మ అడిగి తీసికొనవచ్చుననియు చెప్పవలెను.

రామగిరి ఓషధులు గౌరవింపదగినవే. కాని ఏ ఆకును తాను మాన్పబోవు గడ్డ పేరు చెప్పజాలదు. మన తరగతిగదులలో ఎవరో ఒక బాలుడు తన తండ్రి బుగ్గలోని తెల్లమచ్చను చూచి, “నాయనా, ఒకసారి ఆసుపత్రికి పోదాము పద” అన్నచో, మనము చెప్పిన జీవశాస్త్ర పాఠము వృథా కానట్లే.