మొదటి వాక్యం ఎవరి వాడలో మొదలవుతుంది?

కొత్త సంవత్సరం వచ్చిందంటే ఫోన్లలో రెండు రకాల పోస్టులు కనిపిస్తాయి. ఒకటి, 'ఈ ఏడాది యాభై పుస్తకాలు చదువుతా' అనే ప్రకటన. రెండోది, నచ్చిన నవల మొదటి వాక్యాన్ని స్టేటస్‌లో పెట్టడం. గుడ్‌రీడ్స్ 2011 నుంచి ఏటా ఇలాంటి పఠన సవాలు నడుపుతోంది. తిరుపతి హాస్టళ్లలో, చిత్తూరు కాలేజీల్లో చదివే మన పిల్లలకూ ఈ అలవాట్లు తెలుసు. అయితే గొప్ప మొదటి వాక్యాల జాబితాలు చూడండి. ఎక్కువగా ఇంగ్లిష్ నవలలే ఉంటాయి. తెలుగు నవల అరుదు, దళిత నవల మరీ అరుదు. ఈ రెండు అలవాట్లనూ మన పనికి ఎలా మలుచుకోవచ్చో ఇక్కడ చెబుతున్నాం.

మొదటి వాక్యాన్ని ఏం అడగాలి

నవల మొదటి వాక్యం, కనీసం మొదటి పేజీ, నాలుగు సంగతులు చెబుతుంది. ఎవరు చెబుతున్నారు, ఎక్కడ నిలబడి చెబుతున్నారు, ఎవరి భాషలో చెబుతున్నారు, మనుషులను ఏమని పిలుస్తున్నారు.

ఎక్కడ నిలబడి అనే ప్రశ్న రాయలసీమ పల్లెల్లో పుట్టినవాళ్లకు కొత్త కాదు. ఊరు వేరు, వాడ వేరు. కథ రచ్చబండ దగ్గర మొదలైతే వాడ దూరంగా కనిపిస్తుంది, వాడ మనుషులు పనికి పిలిస్తే వచ్చేవాళ్లుగా కనిపిస్తారు. కథ వాడలో మొదలైతే ఊరే దూరమవుతుంది.

ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి'ని రాయవేలూరు జైల్లో రాశారు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా వేలూరు, చిత్తూరు రెండూ ఉత్తర ఆర్కాటు జిల్లాలోనివే. 1922లో అచ్చులోకి వచ్చిన ఆ నవలను మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. పేరులోనే వాడను నిలబెట్టిన నవల అది. రాసినాయన మాత్రం ఆ వాడ మనిషి కాదు. ఆయన చేసిన పనికి విలువ ఇస్తూనే, చెప్పే గొంతు ఎవరిదని అడగాలి.

2000లో వచ్చిన జి. కల్యాణరావు 'అంటరాని వసంతం' రూతు జ్ఞాపకాలతో మొదలవుతుంది. ప్రభుత్వ రికార్డుల్లో చోటు దొరకని తరాల చరిత్రకు ఇక్కడ ఒక దళిత స్త్రీ జ్ఞాపకమే ఆధారం. ఆ కాలంలోనే వేముల ఎల్లయ్య 'కక్క'ను నల్లగొండ మాదిగల మాటలో రాశారు. చిత్తూరు పాఠకులు మొదటి పేజీలో తడబడతారు. గట్టిగా పైకి చదివితే దారి దొరుకుతుంది. బడిలో అందరూ ఒప్పుకున్న భాష ఎవరి ఇంట్లోదో ఆ తడబాటులోనే అర్థమవుతుంది.

నాలుగో ప్రశ్నకు మన జిల్లాలోనే మంచి ఉదాహరణ ఉంది. చిత్తూరు జిల్లా తలపులపల్లెలో పుట్టిన డాక్టర్ కేశవరెడ్డి (1946–2015) నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠు రోగులకు వైద్యం చేస్తూ నవలలు రాశారు. ఆయనా దళితుడు కాదు. ఆయన 'అతడు అడవిని జయించాడు' తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ అడవిలోకి వెళ్లిన ముసలాయన కథ. పేరులో మొదటి మాట చూడండి: 'అతడు'. పందులు మేపే మనిషి ఎంత పెద్దవాడైనా 'వాడు' అనే అలవాటున్న సమాజంలో, నవల అట్టమీదే ఆ మనిషి 'అతడు' అయ్యాడు.

తెలుగులో వాడు, అతడు, ఆయన ఒకటి కాదు. అది, ఆమె, ఆవిడ ఒకటి కాదు. ఏ నవల తీసినా మొదటి పేజీలో రెడ్డిగారికి ఏ మాట వాడారు, వెట్టి మనిషికి ఏ మాట వాడారు, ఆ మనిషి భార్యకు ఏ మాట వాడారు అని గీత పెట్టుకుంటూ చదవండి. రచయిత కులం ఏదైనా, చూపు ఎక్కడుందో ఆ మాటలే చెబుతాయి. వాడలోవాళ్లు తమవాళ్లను ప్రేమగా 'వాడు', 'అది' అనుకోవడం వేరు. ఆ తేడా కూడా చర్చకు రావాలి.

యాభై ఎందుకు, పన్నెండు చాలు

యాభై పుస్తకాల లెక్క తీరిక ఉన్నవాళ్లది. సెలవుల్లో కూలికి పోయే విద్యార్థికి, స్కాలర్‌షిప్ కోసం ఎదురుచూస్తూ గ్రూప్స్‌కి చదువుకునేవాళ్లకు అది అందదు. అందనందుకు సిగ్గుపడాల్సిన పనీ లేదు. రెండువందల పేజీల పుస్తకాలు పన్నెండు చదివితే 2,400 పేజీలు. రోజుకు ఏడు పేజీలు చదివితే ఏడాది లోపే అయిపోతుంది. చిత్తూరు పల్లెల్లో పద్దెనిమిది రోజుల మహాభారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి నాటకం. అంత పెద్ద కథను రోజుకింత అని పూర్తిచేయడం మన ప్రాంతానికి తెలిసిన పద్ధతే.

లెక్క కంటే ముఖ్యం, ఆ పన్నెండులో ఎవరున్నారనేది. మా సూచన ఇది. నాలుగు తెలుగు దళిత నవలలు: పైన చెప్పినవాటితోపాటు అనంతపురం రచయిత చిలుకూరి దేవపుత్ర 'పంచమం' తప్పక ఉండాలి. నాలుగు దళిత స్త్రీల రచనలు: నవలలు తక్కువ కాబట్టి గోగు శ్యామల, జూపాక సుభద్ర, ఎం.ఎం. వినోదిని కథలు, గోగు శ్యామల సంకలనం చేసిన 'నల్లపొద్దు' తీసుకోవచ్చు. రెండు పొరుగు భాషలవి: మన జిల్లాలో తమిళం చదవగలిగినవాళ్లు బామ 'కరుక్కు'ను మూలంలోనే చదవచ్చు. అది ఆత్మకథ. కన్నడం తెలిసినవాళ్లకు దేవనూరు మహాదేవ 'కుసుమబాలె' ఉంది. 1990లో దానికి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. మిగతా రెండూ మీ ఇష్టం.

ఏడాది జనవరి 1నే మొదలవాలని లేదు. ఏప్రిల్ 14న మొదలుపెట్టి మళ్లీ ఏప్రిల్ 14కు లెక్క చూసుకోవచ్చు. పుస్తకాల కోసమే దాదర్‌లో రాజగృహ కట్టించుకున్న అంబేడ్కర్ జయంతికి దండతోపాటు ఈ లెక్క కూడా తగినదే.

పుస్తకం దొరకకపోతే

ఇక్కడే చదువు హక్కుల పని అవుతుంది. దళిత నవలలు చాలాసార్లు ఒక ముద్రణతో ఆగిపోతాయి. అడిగేవాళ్లు లేరని గ్రంథాలయం కొనదు, కొనేవాళ్లు లేరని ప్రచురణకర్త మళ్లీ వేయడు. ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం 1960 ప్రకారం ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసల గ్రంథాలయ పన్ను ఉంది. ఎస్సీ కాలనీలో ఇంటిపన్ను కట్టే ప్రతి ఇల్లూ ఈ పన్ను కడుతోంది. కాబట్టి శాఖా గ్రంథాలయంలో ఫలానా పుస్తకం కావాలని అడగడం యాచన కాదు.

నోటితో అడిగి వదిలేయకండి. పుస్తకం పేరు, రచయిత, ప్రచురణకర్త రాసి, పదిమంది సంతకాలతో జిల్లా గ్రంథాలయ సంస్థకు అర్జీ ఇవ్వండి. నకలు మీద తేదీ, ముద్ర వేయించుకోండి. గత మూడేళ్లలో ఏయే పుస్తకాలు కొన్నారో జాబితా ఇమ్మని సమాచార హక్కు చట్టం, 2005 కింద అడగండి. అందులో దళిత రచయితలు ఎంతమందో మీరే లెక్కపెట్టి బయటపెట్టండి. ఒక వాక్యం స్టేటస్‌లో పెడితే పుస్తకానికి ప్రచారం. పుస్తకమంతా పీడీఎఫ్ చేసి పంచితే రచయితకు, చిన్న ప్రచురణకర్తకు నష్టం. ఈ తేడా గుర్తుంచుకుందాం.

నెలకోసారి కూర్చుంటే

నెలకో ఆదివారం, హాస్టల్ గదిలోనో కాలనీ అంబేడ్కర్ భవనంలోనో ఐదారుగురు కూర్చోండి. ఒక్కొక్కరు తాము చదువుతున్న పుస్తకం మొదటి వాక్యాన్ని, రచయిత పేరు చెప్పకుండా, పైకి చదవాలి. మిగతావాళ్లు ఆ నాలుగు ప్రశ్నలకు జవాబు ఊహించాలి. ఆ తర్వాతే పుస్తకం పేరు చెప్పాలి. చదవడం రాని పెద్దవాళ్లనూ పిలవండి. ఏ మాటలో మర్యాద ఉందో, ఏ మాటలో లేదో వాళ్లు మనకంటే ముందే పట్టేస్తారు.

పన్నెండో నెల పుస్తకం చదవొద్దు. ప్రతి ఒక్కరూ తమ వాడ గురించి తాము రాయబోయే నవలకు మొదటి వాక్యం రాసుకుని రావాలి. దానికీ అవే నాలుగు ప్రశ్నలు వేయాలి.