నొప్పి, తిమ్మిరి, నలభై రోజులు: ముఖ స్త్రీకరణ శస్త్రచికిత్స తరువాతి కాలంపై ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

ట్రాన్స్ స్త్రీలు చేయించుకొనే ముఖ స్త్రీకరణ శస్త్రచికిత్స తరువాత కలిగే నొప్పి స్వభావాన్ని, కోలుకొనే క్రమాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. ఈ చికిత్సలో కోతనొప్పి కంటే వాపు, బిగుతు, స్పర్శలోపం ఎక్కువ కాలం నిలుస్తాయి. నొప్పిని అంకెలతో అడిగే పద్ధతికి ఇవి సరిగా చిక్కవు. వీటిని చెప్పగల నుడికారం తెలుగులోను, వీటికి తగిన విశ్రాంతికాలం హిజ్రా సముదాయపు వాడుకలోను ముందే ఉన్నాయని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాన్ని దృష్టిలో ఉంచుకొని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ముఖ స్త్రీకరణ, నొప్పి, స్పర్శలోపం, నిర్వాణం, నలభై రోజులు, ఆరోగ్య బీమా

ప్రవేశిక

ధర్మవరం, పెనుకొండ, హిందూపురం ఒకే రైలుమార్గం మీది ఊళ్లు. ఆ మార్గం గౌరిబిదనూరు, యలహంకల మీదుగా బెంగళూరు చేరుతుంది. 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడి పుట్టపర్తి పాలనాకేంద్రమైంది. అయినా పెద్ద వైద్యం అవసరమైనప్పుడు ఈ ప్రాంతం ఇప్పటికీ దక్షిణదిశగానే చూస్తుంది. హిందూపురం నుండి బెంగళూరు సుమారు 100 కిలోమీటర్లు. ముఖం ఎముకలపై చేసే శస్త్రచికిత్సకు ప్రత్యేక శిక్షణ పొందిన వైద్యబృందం కావాలి. అటువంటి బృందాలు మహానగరాల్లోనే ఉంటాయి. కనుక ఈ ఊళ్లలోని ట్రాన్స్ స్త్రీకి శస్త్రచికిత్స ఒకచోట, కోలుకోవడం మరొకచోట. ఈ దూరం నొప్పిని అర్థం చేసుకొనే తీరును కూడా మారుస్తుంది.

చికిత్స స్వరూపం

ఈ చికిత్సకు శాస్త్రీయమైన రూపం ఇచ్చినవాడు శాన్ ఫ్రాన్సిస్కోకు చెందిన కపాల-ముఖ శస్త్రవైద్యుడు డగ్లస్ ఔస్టర్‌హౌట్. 1980ల తొలినాళ్లలో ఆయన పుర్రెల సంకలనాన్ని పరిశీలించి స్త్రీ, పురుష కపాలాల మధ్య సగటు భేదాలను గుర్తించారు. నుదుటిని మలచే విధానంపై ఆయన పత్రం 1987లో వెలువడింది. పురుష కపాలాలలో కనుబొమల పైనుండే గట్టు సాధారణంగా ముందుకు పొడుచుకొని ఉంటుంది. దాని వెనుక గాలి గది ఉన్నందున చాలామందిలో ఆ గట్టును అరగదీస్తే సరిపోదు. గది ముందుగోడను కోసి తీసి, వెనక్కి జరిపి, సన్నని లోహపు పలకలతో బిగించాలి. దీనితో పాటు ముక్కు, దవడ మూలలు, గడ్డం, గొంతుముడి మలచడం ఉండవచ్చు. అందరికీ అన్నీ చేయరు.

ఎరిక్ ప్లెమన్స్ అనే మానవశాస్త్రవేత్త 2017లో ప్రచురించిన గ్రంథంలో ఒక ముఖ్యమైన భేదాన్ని చర్చించారు. జననేంద్రియ శస్త్రచికిత్స ఫలితం దుస్తుల చాటున ఉంటుంది. ముఖం విషయం వేరు. ఎదుటివారు చూసి గుర్తించడం మీదనే దాని ఫలితం ఆధారపడుతుంది. ఇదే మాట కోలుకొనే కాలానికీ వర్తిస్తుందని ఈ వ్యాసకర్త అభిప్రాయం. చీరచాటు గాయంతో బజారులో నడవవచ్చు. ఉబ్బి నల్లబడిన ముఖంతో నడవడం సాధ్యం కాదు. దుకాణాల ముందు, రైళ్లలో చేయి చాచి బ్రతికేవారికి ముఖమే జీవనాధారం. ఆ ముఖం కొన్ని వారాలు మూతపడితే ఆదాయమూ ఆగిపోతుంది.

నొప్పి ఎక్కడ, ఎంతకాలం

నుదుటి ఎముకను కోశారంటే నొప్పి భరించరానిదిగా ఉంటుందని వినేవారు ఊహిస్తారు. అనుభవం చాలామందిలో వేరుగా ఉంటుంది. తల పైభాగాన కోత పెట్టి చర్మాన్ని కిందికి మడిచినప్పుడు నుదుటికి, మాడుకు స్పర్శనిచ్చే నాడీశాఖలు తెగడమో, సాగడమో జరుగుతుంది. ఇవి త్రిధార నాడి మొదటి శాఖకు చెందినవి. అందువల్ల ఆ చోట పదునైన నొప్పి కంటే బిగుతు, బరువు, మొద్దుబారడం ముందుకు వస్తాయి. దవడ, గడ్డం భాగాలలో నొప్పి ఇంతకంటే స్పష్టంగా ఉంటుంది. నమలడం, ఆవలించడం, పక్కకు ఒత్తిగిలడం కష్టమవుతాయి. కింది పెదవి, గడ్డం కొంతకాలం తమవి కానట్లు తోస్తాయి.

వాపు సాధారణంగా రెండు, మూడు రోజులలో గరిష్ఠస్థాయికి చేరుతుంది. కళ్లు మూసుకుపోవచ్చు. కమిలిన రంగు నుదుటి నుండి చెంపలకు, మెడకు దిగుతుంది. కుట్లు ఒకటి రెండు వారాలలో విప్పుతారు. గడ్డం ఎముక గట్టిపడడానికి దాదాపు ఆరు వారాలు, వాపు చాలావరకు తగ్గడానికి మూడు నెలలు, ముక్కు తుదిరూపానికి సంవత్సరం వరకు పడుతుంది. నాడులు రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతాయి. స్పర్శ తిరిగి వచ్చే దశలో దురద, చిమచిమ, విద్యుత్తు తాకినట్లు జివ్వుమనడం కలుగుతాయి. కొత్తగా వచ్చిన ఈ బాధను ఏదో చెడిపోయిందనడానికి గుర్తుగా భావించి భయపడేవారుంటారు. తరచుగా అది నాడి తిరిగి మేల్కొంటున్నదనడానికి సూచన. కొన్నిచోట్ల మొద్దుతనం శాశ్వతంగా మిగలవచ్చునన్న సంగతీ ముందే చెప్పవలసినదే.

అంకెలు, మాటలు

ఆసుపత్రిలో నొప్పిని సున్నా నుండి పది వరకు ఏదో ఒక అంకెతో చెప్పమంటారు. ఈ పద్ధతి సులువైనదే, కాని చాలదు. అంకె తీవ్రతను చెబుతుంది, జాతిని చెప్పదు. ఈ లోపాన్ని గుర్తించిన రొనాల్డ్ మెల్జాక్ 1975లో నొప్పిని వర్ణించే విశేషణాలను వర్గీకరించి మెక్‌గిల్ ప్రశ్నావళిని ప్రచురించారు. అది ఇంగ్లీషు మాటల మీద కట్టినది. తెలుగులో ఆ పని చేయదలచిన పరిశోధకునికి సామగ్రి కొరత లేదు. పోటు, సలుపు, మంట, తీపు, లాగడం, కలుక్కుమనడం, జివ్వుమనడం, చిమచిమలాడడం, తిమ్మిరి, మొద్దు: వీటిలో ఏదీ మరొకదానికి పర్యాయపదం కాదు.

ఈ భేదం వైద్యానికి పనికివస్తుంది. ఒకవైపు దవడ మాత్రమే గంటగంటకూ ఉబ్బుతూ పోటు పెరుగుతుంటే లోపల రక్తం గడ్డకడుతున్నదని అనుమానించాలి. నుదురు మొద్దుబారిన మనిషి ‘నొప్పి లేదు’ అంటే అది నిజమే కావచ్చు. లోపల అంతా బాగుందని మాత్రం దానికి అర్థం కాదు. ముక్కునుండి నీరువంటి పలుచని ద్రవం కారడం, చూపు మసకబారడం, జ్వరం వచ్చి గాయం ఎర్రబడడం: ఇవి నొప్పి లేకున్నా వెంటనే వైద్యునికి చూపవలసిన లక్షణాలు. పెనుకొండలో ఉన్న మనిషి బెంగళూరు వైద్యునికి ఫోనులో చెప్పవలసి వచ్చినప్పుడు అంకె కంటే మాటే ఉపకరిస్తుంది. అక్కడివారు ఆ మాటను అర్థం చేసుకోగలిగితేనే అనుకోండి.

నలభై రోజుల వాడుక

దక్షిణాది హిజ్రా సముదాయంలో జననేంద్రియాల తొలగింపును ‘నిర్వాణం’ అంటారు. దాని తరువాతి నలభై రోజుల ఏకాంతం, పథ్యం, తోటివారి సేవ గురించి సెరీనా నందా (1990), హైదరాబాదు హిజ్రాలపై పరిశోధించిన గాయత్రీ రెడ్డి (2005) రాశారు. ఎ. రేవతి ఆత్మకథకు పి. సత్యవతి చేసిన ‘ఒక హిజ్రా ఆత్మకథ’ అనువాదం (2019 సాహిత్య అకాదెమీ అనువాద పురస్కారం) ద్వారా ఈ జీవితం తెలుగు పాఠకులకు దగ్గరయింది. ఈ కాలాన్ని బాలింతరాలి స్థితితో పోల్చుతారు. అద్దం చూడరాదన్న నియమం కూడా కొన్నిచోట్ల ఉంది.

మత్తు లేకుండా దాయమ్మలు చేసే కోతను ఎవరూ సమర్థించనక్కరలేదు. రక్తస్రావం, సోకుడు, మూత్రనాళం ఇరుకుకావడం దాని ఫలితాలు. అయితే కోతను విడిచి, తరువాతి సంరక్షణను మాత్రం పరిశీలిస్తే ఒక సామ్యం కనిపిస్తుంది. నలభై రోజులంటే దాదాపు ఆరు వారాలు. మలచిన ఎముక అతకడానికి పట్టే కాలమూ సుమారుగా అంతే. అద్దానికి దూరంగా ఉండమనడం ముఖ శస్త్రచికిత్స విషయంలో మరింత అర్థవంతం. మొదటి వారాలలో అద్దంలో కనిపించేది పాత ముఖమూ కాదు, రాబోయే ముఖమూ కాదు. ఆ దశలో చాలామందికి కలిగే దిగులు వాపుతోనే తగ్గుతుంది. పథ్యం సంగతి కూడా అంతే: దవడ నయమయ్యేదాకా రాగిజావ, మెత్తని సంగటి, పప్పుకట్టు ఈ సీమలో కొత్తగా నేర్పవలసిన ఆహారం కాదు. వేరుశెనగలు మాత్రం మానాలి.

పని విషయంలో వాడుక ఇంత సాయం చేయదు. ధర్మవరంలో గుంటమగ్గంపై కూర్చొని నేసేవారు పోగు తెగిన ప్రతిసారీ ముందుకు వంగాలి. తల వంచితే ముఖానికి రక్తపు ఒత్తిడి పెరిగి వాపు ఎక్కువవుతుంది. అందుకే వంగడం, బరువులెత్తడం కొన్ని వారాలు వద్దంటారు. తల ఎత్తుగా పెట్టుకొని పడుకోవడానికి రెండు దిండ్లు చాలు. మగ్గం ఆగిన రోజుల కూలికి మాత్రం ప్రత్యామ్నాయం లేదు.

చట్టం, బీమా

2014 ఏప్రిల్ 15నాటి నల్సా తీర్పు తరువాత వచ్చిన 2019 చట్టపు 15వ విభాగం లింగమార్పిడి శస్త్రచికిత్స, హార్మోను చికిత్స, లేజర్ చికిత్స ఖర్చులకు సమగ్ర బీమాను నిర్దేశించింది. ముఖ శస్త్రచికిత్సను పేరుతో చెప్పలేదు. ‘ఇతర ఆరోగ్య సమస్యలు’ అన్న మాటలో దానికి చోటు వెదుక్కోవాలి. 2022లో వెలువడిన ప్రపంచ వృత్తిసంఘపు ఎనిమిదవ ప్రమాణావళి మాత్రం ముఖ శస్త్రచికిత్సను లింగస్థిరీకరణ చికిత్సల జాబితాలో స్పష్టంగా చేర్చింది. అదే ఏడాది ఆగస్టులో ప్రకటించిన ఆయుష్మాన్ భారత్ టి.జి. ప్లస్ పథకం ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు రక్షణ ప్రతిపాదించింది.

ఆయుష్మాన్ పథకపు సాధారణ నియమం ప్రకారం ఆసుపత్రి నుండి ఇంటికి పంపిన తరువాత 15 రోజుల మందులు, పరీక్షలు దాని కిందికి వస్తాయి. తోడున్నవారి రైలుఛార్జీలు, ఆగిన కూలి రావు. పదిహేనవ రోజుకు కుట్లు విప్పి ఉంటారు. గడ్డం ఎముకకు ఇంకా నాలుగు వారాలు కావాలి, నుదుటి మీద చేయి పెడితే ఏమీ తెలియదు.