నీలి గింజల వెనుక కోబాల్ట్: ఊడ్చే చేతులకు ఎవరు చెప్పారు?

కాలేజీ ల్యాబులో డెసికేటర్ అడుగున నీలి సిలికా జెల్ గింజలు మనలో చాలామంది చూసే ఉంటాం. తేమ పట్టగానే గులాబీ రంగులోకి మారతాయి. ఆ రంగు సిలికాది కాదు, దానికి పట్టించిన కోబాల్ట్ క్లోరైడ్‌ది. వేడిచేస్తే నీరు ఆవిరై మళ్లీ నీలమవుతుంది. ఈ లవణం నీళ్లలో తేలిగ్గా కరుగుతుంది. ఎలక్ట్రోప్లేటింగ్‌లో, ఇతర కోబాల్ట్ రసాయనాల తయారీలో కూడా వాడతారు.

ప్రమాదం ఎక్కడుంది? చర్మానికి తగిలితే అలర్జీ, దద్దుర్లు రావచ్చు. పొడి ఊపిరితో లోపలికి వెళ్తే ఆస్తమా రావచ్చు. ఒకసారి అలర్జీ మొదలైతే ఆ తర్వాత కొంచెం తగిలినా తిరగబెడుతుంది. నీటిలో కరిగే కోబాల్ట్ లవణాలు మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉందని 2022లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ వర్గీకరించింది. యూరప్ 2008లోనే కోబాల్ట్ క్లోరైడ్‌ను తీవ్ర ఆందోళన కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది.

సంచి విప్పేది, ట్యాంకు కడిగేది, ఒలికిన పొడి ఊడ్చేది ఎక్కువగా కాంట్రాక్టు కార్మికులే. ఊడ్చే పని, కడిగే పని ఈ దేశం ఏ కులాల నెత్తిన పెట్టిందో మనకు తెలుసు. డబ్బా మీద హెచ్చరిక మాత్రం ఇంగ్లీషులో ఉంటుంది.

పొడిని చీపురుతో ఊడవకూడదు, తడిపి తుడవాలి. గ్లౌజులు, సరైన మాస్కు యాజమాన్యమే ఇవ్వాలి. పని బట్టలు ఇంటికి తీసుకెళ్లకూడదు. కడిగిన నీళ్లు కాలువలో కలపకూడదు, జలచరాలకు అది విషం.

భోపాల్ తర్వాత, 1987లో, ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి ఆరోగ్య, భద్రతా సమాచారం అడిగే హక్కును కార్మికులకు ఇచ్చారు. కోబాల్ట్ లేని నారింజ రంగు జెల్ కూడా మార్కెట్లో దొరుకుతోంది. మన ల్యాబుల్లో, మన బస్తీవాళ్లు పనిచేసే షెడ్లలో ఈ రెండూ అడుగుదాం: తెలుగులో హెచ్చరిక, కోబాల్ట్ లేని జెల్.